మంచులో మొదటి కారు: ముందు మిత్తి లెక్క చూసుకో, తమ్ముడూ

మొన్న నువ్వు, మీ బాపు కలిసి హన్మకొండ సుబేదారిలో మా ఇంటికి వచ్చినప్పుడు చుట్టాలు నిండుగా ఉండటంతో, అమెరికా మంచులో నడపడానికి ఏ కారు కొనాలి అన్న నీ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. బయట 44 డిగ్రీల ఎండ, మనం కూలర్ ముందు కూర్చుని మంచు గురించి మాట్లాడుకున్నాం. "పెద్ద బండైతే పిలగాడు భద్రంగ ఉంటడు గదా, పైసలు జర ఎక్కువైనా పర్వాలేదు" అని మీ బాపు అన్న మాట ఆ రాత్రంతా నా చెవిలోనే ఉంది. 2013లో మా బాపు కూడా ఫోన్లో ఇదే మాట అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను చేసిన తప్పు నుంచి బయటపడటానికి నాలుగేళ్లు పట్టింది. అందుకే తీరికగా కూర్చుని రాస్తున్నాను.

డల్లాస్‌లో రెండేళ్లు చదివావు, అక్కడ కారు నడిపావు. మంచిదే. కానీ నువ్వు ఉండబోయే ఉత్తర డకోటాలోని ఫార్గో చలి వేరు. అక్కడ జనవరి రాత్రుల సగటే మైనస్ 17, 18 డిగ్రీలు. మనవైపు ఆదిలాబాద్‌లో ఐదారు డిగ్రీలకు దిగితేనే పేపర్లో ఫొటోలు వేస్తారు. నువ్వు పనిచేసే ప్లాంటు ఊరికి 38 మైళ్లు, దారి పొడవునా చెట్టూ గుట్టా లేని మైదానం. గాలి లేచిందంటే రోడ్డు మీది మంచంతా లేచి కళ్లముందు తెల్లటి గోడ కడుతుంది. కాబట్టి కారు గురించి నీకు భయం ఉండటం సహజం. నాకు మాత్రం మంచు కంటే నీ చేతిలో ఉన్న ఆ కారు లోన్ కాగితం మీద ఎక్కువ భయం ఉంది.

ఆ కాగితం లెక్క నేను మళ్లీ వేశాను. 28,000 డాలర్ల ఎస్‌యూవీ, 14 శాతం వడ్డీ, 72 నెలలు. కిస్తీ నెలకు దాదాపు 577 డాలర్లు. ఆరేళ్లలో కట్టేది 41,500 పైచిలుకు. అంటే ఒక్క మిత్తే 13,500 డాలర్లు. లోన్ మీద కొన్న బండికి ఫుల్ కవరేజ్ ఇన్సూరెన్స్ (మన బండి నష్టానికీ డబ్బిచ్చేది) తప్పదు, క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు తీర్చిన రికార్డు లేని కుర్రాడికి అది కూడా తక్కువేమీ ఉండదు. మరోపక్క మీ బాపు చెప్పిన 32 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది. రెండు దిక్కులా మిత్తి పెరుగుతుంటే మధ్యలో నువ్వు ఎంత సంపాదించినా నిలవదు. సేల్స్‌మన్ నీకు నెల కిస్తీ ఒక్కటే చూపిస్తాడు. నువ్వు అడగాల్సింది మొత్తం ఎంత కడతాను అని.

ఇప్పుడు నా సంగతి విను.

ఫార్గోలో చదువు అయ్యాక 2013 అక్టోబరులో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది, గంటల లెక్కన జీతమిచ్చే కాంట్రాక్టు పని. వర్ధన్నపేట దగ్గర మాకున్న ఎకరంన్నర పత్తి చేను తాకట్టు పెట్టి, చాలని దానికి బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చి మా బాపు నన్ను పంపాడు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అప్పటికి నాకు ఆ లెక్క తలకెక్కలేదు. ఉద్యోగం వచ్చింది కదా, మంచి బండిలో వెళ్లాలి, ఫొటో తీసి ఇంటికి పంపాలి అనుకున్నాను. హైవే పక్కన పాత కార్లు అమ్మే ఒక చోట నల్లగా మెరుస్తున్న పెద్ద సెడాన్ కనిపించింది. తోలు సీట్లు, వెడల్పాటి టైర్లు. 11,500 డాలర్లు, 17 శాతం వడ్డీ, ఐదేళ్ల లోన్, నెలకు 286. గంటలో సంతకాలు అయిపోయాయి. అది వెనక చక్రాలతో నడిచే బండి అని కూడా నేను అడగలేదు.

నవంబరు బాగానే గడిచింది. డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున మైనస్ 29. తాళం తిప్పితే టక్ టక్ అని శబ్దం తప్ప ఇంజన్ తిరగలేదు. పక్క అపార్ట్‌మెంట్ పెద్దాయన వచ్చి తన బండి నుంచి తీగలు తగిలించి స్టార్ట్ చేయించాడు. బానెట్ తెరిచి బ్యాటరీ మీది తేదీ చూపించాడు. ఆరేళ్ల పాతది. "ఈ ప్లగ్ ఎందుకు పెట్టడం లేదు?" అని అడిగాడు. బండి ముందు జాలీలోంచి వేలాడుతున్న మూడు పుల్లల ప్లగ్‌ను నేను రోజూ చూస్తున్నాను, తెగిపోయిన వైరు ఏదో అనుకున్నాను. అది బ్లాక్ హీటర్. రాత్రి కరెంటుకు తగిలిస్తే ఇంజన్‌ను వెచ్చగా ఉంచుతుంది. మా పార్కింగ్‌లో స్తంభం స్తంభానికీ కరెంటు బోర్డు ఎందుకుందో ఆ రోజు తెలిసింది. ఆ వారంలో మూడు రోజులు ఆలస్యంగా వెళ్లాను, గంటల జీతం పోయింది, మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు.

జనవరిలో ఐ-94 హైవే మీద వంతెన దాటుతుంటే వెనక చక్రాలు పక్కకు జారాయి. బండి గిర్రున తిరిగి రోడ్డు పక్క లోతట్టులోకి దిగింది. దెబ్బలు తగల్లేదు. కానీ పెట్రోలు పావు ట్యాంకే ఉంది, ఫోన్ చలికి ఆగిపోయింది, చేతులకు ఉన్నవి హన్మకొండ చౌరస్తాలో కొన్న ఉన్ని గ్లౌజులు. రెండు గంటలు అట్లా కూర్చున్నాను. టో బండికి 240 డాలర్లు. ఫిబ్రవరిలో బ్రేక్ పెడల్ నేలకు తగిలింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలి బ్రేక్ పైపు తుప్పు పట్టి పగిలిపోయింది, రిపేరుకు 900. మార్చిలో ఇక నావల్ల కాదని అమ్ముదామని చూస్తే 7,400 కంటే ఒక్క డాలరు ఎక్కువ ఎవరూ ఇవ్వలేదు. లోన్ మాత్రం ఇంకా 10,800 దాటి ఉంది. ఐదు నెలల్లో 1,430 కడితే అసలులో తగ్గింది 630 మాత్రమే. మిగతాదంతా మిత్తి. చేతి నుంచి 3,400 డాలర్లు పెట్టి ఆ బండిని వదిలించుకున్నాను. అందులో 3,000 జమ్మికుంట నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఇచ్చినవి, పైసా మిత్తి అడగలేదు. ఆ ఏడాది ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు. చేను దగ్గర మిత్తి మీద మిత్తి పెరిగింది. బాపు ఆ మాట నాతో అనలేదు, నాకు మా అక్క చెప్పింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

తర్వాత 2006 మోడల్ టయోటా కొరోల్లా 4,900 డాలర్లకు కొన్నాను. ముందు చక్రాలతో నడిచే మామూలు చిన్న బండి. ఆ ఏడాది చలికాలం రాకముందే 560 పెట్టి రిమ్ములతో సహా నాలుగు మంచు టైర్లు తెచ్చాను. 2021 దాకా ఏడు చలికాలాలు తిరిగింది, మీటరు 2,12,000 మైళ్లు చూపించింది. 2017లో చేను విడిపించాను. నాతోపాటు పెద్ద బండ్లు కొన్నవాళ్లలో చాలామంది అప్పటికి ఇంకా కిస్తీలే కడుతున్నారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఇక నువ్వు అడిగిన ఆల్ వీల్ డ్రైవ్ సంగతి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి. కరిగెట్ల దున్నేటప్పుడు ట్రాక్టర్‌కు కేజీవీల్స్ (ఇనుప చక్రాలు) ఎందుకు తగిలిస్తారో మీ బాపును అడుగు. ఇంజన్‌కు బలం లేక కాదు, బురదలో మామూలు టైరుకు పట్టు దొరకదు కాబట్టి. ఇక్కడా అంతే. ఆల్ వీల్ డ్రైవ్ మంచులోంచి బండిని కదిలిస్తుంది, ఎత్తు ఎక్కిస్తుంది. కానీ బ్రేక్ వేసినప్పుడు ఏ బండైనా ఆగేది నాలుగు చక్రాల మీదే, అక్కడ పట్టు ఇచ్చేది టైరు రబ్బరు. మామూలు రబ్బరు 7 డిగ్రీల కిందికి వెళ్లేకొద్దీ గట్టిపడి జారుతుంది, మంచు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉందో లేదో చూసి కొను. రెండు కాదు, నాలుగూ మార్చాలి. ముందు రెండే మారిస్తే వెనక భాగం నాకు జారినట్టే జారుతుంది. చలి పెరిగితే టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, నెలకోసారి కొలిపించు.

నీ దారిలో ఇంటి నుంచి హైవే దాకా మంచు తీయని మట్టిరోడ్డు ఉంటే ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో, నేను కాదనను. సుబారు బండ్లలో దాదాపు అన్నిటికీ అది ఉంటుంది, పాత హోండా సీఆర్‌వీ, టయోటా రావ్4లలోనూ దొరుకుతుంది. కానీ వాటికి ఒక టైరు పాడైతే ఒక్కోసారి నాలుగూ మార్చాల్సి వస్తుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతాయి. ప్రతి రోజూ మంచు తీసే హైవే మీద వెళ్లేవాడికి కొరోల్లా, సివిక్, క్యామ్రీ లాంటివి మంచు టైర్లతో చాలు. ఎలక్ట్రిక్ బండి ఇప్పుడు వద్దు. చలిలో ఒక్క చార్జింగ్‌తో అది వెళ్లే దూరం బాగా పడిపోతుంది, నువ్వుండే కిరాయి ఇంట్లో చార్జింగ్ లేదని నువ్వే చెప్పావు.

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లు. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పు. వెచ్చబడిన ఇంజన్ ఏ జబ్బునూ బయటపెట్టదు. డిసెంబరులో హన్మకొండలోనే కొబ్బరినూనె గడ్డకడుతుంది కదా, ఇంజన్ ఆయిల్ కూడా చలికి అట్లాగే చిక్కబడుతుంది. అందుకే అక్కడ చలిలోనూ పలుచగా ఉండే 0డబ్ల్యూ రకం ఆయిల్ పోస్తారు. మైనస్ 18 దగ్గర బ్యాటరీ తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది, ఇంజన్‌ను తిప్పడానికి మాత్రం అప్పుడే ఎక్కువ బలం కావాలి. బ్యాటరీ మీద తేదీ చూడు. నాలుగేళ్లు దాటితే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా బేరంలో తగ్గించమను. పది నిమిషాలు నడిపాక హీటర్ వేడి గాలి కొట్టాలి. కొట్టకపోతే ఆ బండి వద్దు.

అన్నిటికంటే ముఖ్యం కింద చూడటం. అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు బండి అడుగును తినేస్తుంది. చాప వేసుకుని పడుకుని అయినా సరే, టార్చ్ కొట్టి బ్రేక్ పైపులు, పెట్రోలు పైపు, తలుపుల కింది అంచులు చూడు. పాత బండి అడుగున కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే తుప్పు కప్పారేమోనని అనుమానించు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన బండికి ఈ తుప్పు తక్కువ, కానీ అక్కడ తుపాను నీళ్లలో మునిగిన బండ్లు కూడా కడిగి తుడిచి అమ్మకానికి వస్తాయి. 2023 జూలైలో హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగినప్పుడు మునిగిన బండ్లు ఆరిన తర్వాత కూడా ఎట్లా ఇబ్బంది పెట్టాయో నువ్వు చూసే ఉంటావు. ముక్కిన వాసన, సీటు కింద తుప్పు, సీటు బెల్టు పూర్తిగా లాగితే మట్టి గీత ఉన్నాయేమో చూడు. బండి చరిత్ర రిపోర్టు తీసుకో. అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌కు 150, 200 డాలర్లు ఇచ్చి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించు. ఆ పైసలకు వెనకాడకు. నేను వెనకాడి 900 పోగొట్టుకున్నాను.

లైసెన్సు, రిజిస్ట్రేషన్, టాక్సు, ఇన్సూరెన్సు నియమాలు ఆ రాష్ట్ర వెబ్‌సైట్లో ఉన్నాయి, చదువుకున్నవాడివి, చూసుకోగలవు.

చలికాలంలో ట్యాంకు సగానికి తగ్గనివ్వకు. అద్దం కడిగే డబ్బాలో నీళ్లు పోయకు, గడ్డకట్టి డబ్బా పగులుతుంది. మైనస్ 29 దాకా తట్టుకునే నీలం ద్రవం దొరుకుతుంది, అదే పోసుకో. డిక్కీలో దుప్పటి, పార, జంపర్ తీగలు, మందపాటి గ్లౌజులు ఉండాలి. ఎప్పుడైనా మంచులో ఇరుక్కుంటే బండిలోనే ఉండు. ఇంజన్ వేసే ముందు వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యి, లేకపోతే విషపు గాలి లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. రోడ్డు మూసేశారని చెబితే ఆ రోజు ఇంట్లోనే ఉండు, ఒక రోజు జీతం పోయినా సరే. డబ్బు గురించి ఇంత చెప్పే నేనే ఈ మాట అంటున్నాను.

నీ దగ్గర 6,000 ఉన్నాయన్నావు. 9,000, 10,000 లోపల బండి చూడు. అందులో 4,000 నీవి పెట్టు, మిగిలిన 2,000లో టైర్లు, బ్యాటరీ పోగా ఉన్నది ముట్టుకోకు. తక్కువ పడ్డ ఐదారు వేలకు డీలర్ దగ్గర కాకుండా నీ ఊళ్లోని క్రెడిట్ యూనియన్‌లో (మన సహకార బ్యాంకు లాంటిది) అడుగు. వడ్డీ చాలాసార్లు అక్కడ తక్కువగా ఉంటుంది. మూడేళ్లకు మించి వద్దు. ముందే తీర్చేస్తే జరిమానా ఉందా అని రాతపూర్వకంగా తెలుసుకో. మీ బాపుకు నేను ఫోన్ చేసి చెబుతాను, చిన్న బండి అంటే ప్రాణానికి ప్రమాదం కాదని. ఆయన భయం బండి సైజు గురించి కాదు, నువ్వు ఒక్కడివే ఆ చలిలో ఉంటావని.

నేను జూన్ 10న తిరుగు ప్రయాణం. అక్టోబరులో నువ్వు బండి చూశాక దాని అడుగు భాగం ఫొటోలు, లోన్ కాగితం రెండూ నాకు పంపు. సంతకం ఆ తర్వాతే పెట్టు. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తుతాను. మా ఇంటి నుంచి ఫార్గో మూడున్నర గంటల దారి, అవసరమైతే శనివారం నేనే వచ్చి బండి కింద పడుకుని చూస్తాను.