పద్దుల పెట్టె: స్కానర్ పీకేయమంటారా?

ప్రశ్న: తెనాలిలో చిన్న టిఫిన్ సెంటరు నడుపుతున్నాం. పెనం దగ్గర మా ఆయన, గల్లా దగ్గర నేను. షాపు నా పేరు మీదే ఉంది, స్కానర్ నా సేవింగ్స్ ఖాతాకే పెట్టాం. 2025-26లో ఆ ఖాతాలో 26 లక్షలు పడ్డాయట, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎందుకు తీసుకోలేదో చెప్పమని నోటీసొచ్చింది. మాకంత వ్యాపారం ఎక్కడిదండీ! 40 లక్షల దాకా అక్కర్లేదని కొందరన్నారు. పక్క షాపాయన స్కానర్ పీకేసి నగదే తీసుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు)

జవాబు: హడలిపోకండమ్మా. మీరు పంపిన కాపీ రెండుసార్లు చదివాను. ఇంత కట్టండని అందులో ఎక్కడా లేదు, సంజాయిషీ అడిగారంతే. గడువు మాత్రం దాటనివ్వకండి. మీ జవాబు రాకపోతే అధికారి తన అంచనాతో పన్ను వేసేస్తారు, ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే.

మీ స్టేట్‌మెంటు ముందేసుకుని ఓ సాయంత్రం కూర్చున్నాను. 40, 70, 110... పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా చీమల బారులా పడుతున్నాయి. అవి ఇడ్లీలు, పెసరట్లు. వాటి మధ్య ఉన్నట్టుండి 5 లక్షలు! ఫోన్ చేస్తే చీటీ పాడిన డబ్బన్నారు. మీ తమ్ముడు తీర్చిన బాకీ ఇంకో 3 లక్షలు. బెంగళూరు నుంచి అబ్బాయి నెలనెలా పంపిన 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఈ మూడూ కలిపి 10 లక్షల 40 వేలు, అందులో ఒక్క రూపాయీ అమ్మకం కాదు. మిగిలిన 15 లక్షల 60 వేలకి మీ నోటుపుస్తకంలోని నగదు అమ్మకం 3 లక్షలు కలిపితే 18 లక్షల 60 వేలు.

వండి వడ్డించడం జీఎస్టీలో సేవ కిందికొస్తుంది. మీ హద్దు 20 లక్షలే. ఆ 40 లక్షలు సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి. ఇంకో మెలిక కూడా ఉంది. పై వాటా నెలకు 6 వేలకి అద్దెకిచ్చారు కదా, ఇంటద్దెకి పన్ను లేకపోయినా టర్నోవరు లెక్కలో కలుస్తుంది. ఆ 72 వేలు వేస్తే 19 లక్షల 32 వేలు. గట్టు చివర నిలబడ్డారన్నమాట, నీళ్లలో మాత్రం పడలేదు.

జవాబుకి చీటీ పాసుపుస్తకం, తమ్ముడి ప్రామిసరీ నోటు, అబ్బాయి ఖాతా స్టేట్‌మెంటు జతచేయండి. మీ స్టేట్‌మెంటులో ఆ పద్దులకి రంగు గీత కొట్టి, ఏది దేనిదో పక్కన పెన్నుతో రాయండి. నలభై రూపాయల పద్దుకి వివరం అడిగే తీరిక ఎవరికీ ఉండదు, వేలు పెట్టేది పెద్దవాటి మీదే.

ఇక స్కానర్ సంగతి. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కల మీద నోటీసులొస్తే చాలా దుకాణాల్లో స్కానర్లు తీసేసి నగదు మాత్రమేనని కాగితాలంటించారు. నగదుకి అమ్మితే మాత్రం టర్నోవరు కాకుండా పోతుందా? పైగా ఇన్‌కమ్ టాక్స్‌లో యూపీఐ అమ్మకమే మీకు లాభం. ఆదాయపు పన్ను చట్టంలో చిన్న వ్యాపారులకున్న 44ఏడీ సెక్షను కింద పుస్తకాలు రాయకుండా అంచనా లాభం చూపిస్తే యూపీఐ మీద 6 శాతం, నగదు మీద 8 శాతం. మీ లెక్కన యూపీఐకి 93,600, నగదుకి 24,000, మొత్తం 1,17,600.

అలాగని ఆ లక్షా పదిహేడు వేలే వేసి ఊరుకోకండి. అది కనీసం, అసలు లాభం అంతకు మించితే అసలుదే చూపాలి. చిన్నవాడి కాలేజీ ఫీజే లక్షన్నర అని మీరే అన్నారు, మరి ఇల్లెలా గడిచిందని అడిగితే ఏం చెబుతారు? 2025-26కి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను సున్నా. మిగిలింది ఐదు లక్షలైతే ఐదే చూపండి. 4 లక్షలు దాటితే రిటర్ను ఎలాగూ వేయాలి. రేపు గ్రైండరుకి బ్యాంకు లోను అడిగినా మేనేజరు చూసేది ఆ కాగితమే.

ఈ ఏడాది మీరు 20 లక్షలు దాటేలా ఉన్నారు. దాటిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోండి. హోటలుకి మామూలు పద్ధతిలోనూ 5 శాతమే, చిన్న వ్యాపారులకున్న సులువు పద్ధతి కాంపోజిషన్‌లోనూ 5 శాతమే. మామూలు దాంట్లో తినేవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయొచ్చు, రిటర్నులు ఎక్కువ. కాంపోజిషన్‌లో విడిగా వసూలు కుదరదు, మూడు నెలలకోసారి కట్టేసి ఏడాదికొక రిటర్ను వేస్తే సరి. నలభై రూపాయల ప్లేటుకి రెండు రూపాయలు విడిగా అడిగితే తెనాలిలో చిల్లర గొడవే రోజంతా. కాంపోజిషన్ తీసుకుని ప్లేటు 45 చేయండి.

ఇవన్నీ ఎలా ఉన్నా, ఈ వారమే షాపుకి విడిగా కరెంటు ఖాతా తెరిచి స్కానర్ దానికి మార్చండి. నేనూ ఏం తక్కువ తినలేదు. మా అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు మూడేళ్లు నా సొంత ఖాతాలోకే వేయించుకున్నాను. మార్చి వచ్చిందంటే లిఫ్టు రిపేరేదో, మా ఇంటి పాలబాకీ ఏదో తేల్చుకోలేక నేనూ మా ఆవిడా తగువు పడేవాళ్లం.

ప్రశ్న: కోదాడలో స్టీలు సామాన్ల షాపు, ఏడాదికి 28 లక్షల అమ్మకం. జగ్గయ్యపేటలో మా బావమరిదిదీ ఇదే వ్యాపారం, అతనికి జీఎస్టీ లేదు. నాకెందుకు?

జవాబు: మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది కాబట్టి. సరుకు అమ్మేవాళ్ల హద్దు 2019 ఏప్రిల్ 1 నుంచి 40 లక్షలకి పెంచుకునే వీలొచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. మీకు ఇప్పటికే ఆలస్యమైంది, వెంటనే దరఖాస్తు చేయండి. కాంపోజిషన్ తీసుకుంటే వ్యాపారులకి 1 శాతమే. మీ బావమరిదికి కూడా ఓ మాట చెప్పండి: జగ్గయ్యపేట నుంచి కోదాడకి ఆటోలో సరుకు అమ్మి పంపాడా, అది అంతర్రాష్ట్ర అమ్మకం. అప్పుడు 40 లక్షల హద్దు పనికిరాదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి.

ప్రశ్న: బీమా ఏజెంటుని. కమీషన్ మీద నేనూ 6 శాతం లాభం చూపి, అంచనా లాభం వాళ్లు వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-4 వేయొచ్చా?

జవాబు: కుదరదు. కమీషన్, బ్రోకరేజి ఆదాయాలకి 44ఏడీ వర్తించదు. పెట్రోలు, ఫోను ఖర్చుల రశీదులు దాచుకుని ఐటీఆర్-3 వేయండి.