సమాధానం: మా ఇద్దరికీ లేని బొబ్బల జబ్బు బాబుకి ఎలా వచ్చింది?

ఇరువైపులా ఎవరికీ లేదు, అయినా పుట్టినప్పటి నుంచీ బాబుకి ఎత్తుకున్న చోటల్లా బొబ్బలు లేస్తున్నాయి, డాక్టరు ఎపిడెర్మోలైసిస్ బులోసా అన్నారు, రెండో బిడ్డకీ వస్తుందా అని అడిగారు కదండీ. ముందుగా ఒక మాట, గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నదాని వల్లో చేసిన పని వల్లో ఇది రాలేదు, ఎవరేమన్నా మనసుకి పట్టించుకోకండి.

చర్మం పొరల్ని పట్టి ఉంచే ప్రోటీన్లు ఉంటాయి, వాటి జన్యువు దెబ్బతింటే కొద్దిపాటి రాపిడికే పొర విడిపోయి నీరు చేరుతుంది. దెబ్బతిన్నది కెరాటిన్ 5 లేదా 14 అనే ప్రోటీన్ జన్యువైతే సాధారణంగా సింప్లెక్స్ రకం, బొబ్బ పైపొరలోనే లేస్తుంది, మచ్చలు తక్కువ. లామినిన్ 332 లేదా కొలాజెన్ 17 అయితే జంక్షనల్. కొలాజెన్ 7 అయితే డిస్ట్రోఫిక్, పొర లోతున విడిపోతుంది కాబట్టి మానాక మచ్చ మిగులుతుంది, తీవ్రమైన రూపంలో వేళ్లు కూడా అతుక్కుపోవచ్చు.

మీ ప్రశ్నకి జవాబు రకాన్ని బట్టి ఉంటుంది. జంక్షనల్, తీవ్రమైన డిస్ట్రోఫిక్ రకాల్లో సాధారణంగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు పాడైన జన్యు కాపీలు కలిస్తేనే జబ్బు వస్తుంది, ఒక్కటే ఉన్న మీకు ఏమీ కనిపించదు. అలాగైతే ప్రతి గర్భంలోనూ 25 శాతం అవకాశం. సింప్లెక్స్ ఎక్కువగా ఒక్క కాపీతోనే వస్తుంది, మీ ఇద్దరికీ లేదంటే బాబులో కొత్తగా వచ్చిన మార్పు కావచ్చు, అప్పుడు రెండో బిడ్డకి రిస్క్ చాలా తక్కువ, సున్నా మాత్రం కాదు.

అందుకే ముందు బాబుకి జన్యు పరీక్ష, అందులో ఏ మార్పు దొరికితే దానికే మీ ఇద్దరికీ పరీక్ష చేయించండి, అదీ మళ్లీ గర్భం రాకముందే.