మీరడిగారు: ఓల్డ్ లైమ్‌లో ఆ పాత ఇల్లు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ఉంటుంది, సమ్మర్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం. న్యూయార్క్ మ్యూజియంలు తిరగడానికి ఆయన మోకాళ్ళు సహకరించవు. దగ్గర్లో ఓల్డ్ లైమ్ అనే చిన్న ఊళ్ళో పాత ఇంట్లో పెయింటింగ్స్ మ్యూజియం ఉందంటోంది అమ్మాయి. వెళ్ళొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. అది ఫ్లోరెన్స్ గ్రిస్వోల్డ్ మ్యూజియం. 1817లో కట్టిన ఇల్లు, ఫ్లోరెన్స్ గారి నాన్న ఓడ కెప్టెన్, బాగా బతికిన కుటుంబమే కానీ తర్వాత చేతిలో డబ్బు ఆడక ఆవిడ గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. 1899లో హెన్రీ వార్డ్ రేంజర్ అనే పెయింటర్ వచ్చి దిగాడు, ఊరు నచ్చి మిగతావాళ్ళనీ రమ్మన్నాడు, 1903లో చైల్డ్ హాసమ్ అనే పేరున్న పెయింటర్ కూడా వచ్చాక అమెరికన్ ఇంప్రెషనిస్టులకి (అంటే కళ్ళకి కనబడ్డ వెలుగునీ రంగుల్నీ అలాగే పట్టుకోవాలని వేసేవాళ్ళకి) ఆ ఇల్లే అడ్డా అయిపోయింది.

మీరు తీరిగ్గా చూడాల్సింది డైనింగ్ రూం. గోడల చెక్క పలకల మీదా, ఇంటి తలుపుల మీదా అక్కడ అద్దెకున్న పెయింటర్లే బొమ్మలేశారు, ఒకటీ రెండూ కాదు, 40 దాకా ఉంటాయి. ఫైర్‌ప్లేస్ పైన హెన్రీ రాంకిన్ పూర్ వేసిన పొడుగాటి బొమ్మ ఉంటుంది, అందులో నక్క వెనకాల పరిగెడుతున్నవాళ్ళంతా ఆ ఇంట్లో ఉన్న ఆర్టిస్టులే, ఎవరెవరో అక్కడివాళ్ళని అడిగి చెప్పించుకోండి, భలే ఉంటుంది. నాకైతే ఈ బొమ్మల్ని ఊడదీసి ఏ పెద్ద మ్యూజియంలో పెట్టినా ఇంత అందం రాదనిపిస్తుంది, ఆ టేబుల్ దగ్గర రోజూ కలిసి తిన్నవాళ్ళు ఆ ఇంటి కోసం వేసినవి కదా.

ఇంకో సంగతి చెప్పాలి. 1906లో విల్లర్డ్ మెట్‌కాఫ్ అనే పెయింటర్ ఇదే ఇంటిని రాత్రిపూట కనిపించేట్టు ‘మే నైట్’ అని వేసి, అద్దె బదులు ఉంచుకోమంటే ఫ్లోరెన్స్ గారు వద్దన్నారట, మరుసటేడు దానికి వాషింగ్టన్‌లోని కార్కరన్ గ్యాలరీ గోల్డ్ మెడల్ ఇచ్చి కొనుక్కుంది కూడా. డబ్బుకి అంత ఇబ్బంది పడుతూ కూడా మంచి బొమ్మ విలువ తెలిసి వదులుకున్న మనిషి, ఆవిడంటే నాకు చాలా గౌరవం. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఇక్కడ వెతకొద్దు. చివరికి 1936లో అప్పుల వల్ల ఇల్లు చెయ్యి దాటిపోయింది, 1937లో ఆవిడ పోయారు, అభిమానించేవాళ్ళు అసోసియేషన్ పెట్టి 1947లో మ్యూజియంగా తెరిచారు.

కింది అంతస్తుని 1910 నాటి బోర్డింగ్ హౌస్‌లా సర్దిపెట్టారు. డైనింగ్ రూం కిందే కాబట్టి మావారికి మోకాళ్ళ నొప్పి అని ఆగిపోకండి, పైన గ్యాలరీలు మీరు చూసొచ్చేదాకా ఆయన తోటలో కూర్చోవచ్చు, వెనకాలే లెఫ్టినెంట్ నది. టైమింగ్స్ మాత్రం ముందే అమ్మాయిని చూడమనండి.