ముందు నివేదిక, తర్వాత దరఖాస్తు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మీ సంఘం తరఫున పోషకాహార కార్యక్రమానికి ప్రభుత్వ గ్రాంట్ అడగాలనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ఏడాది చివర మీరు ప్రభుత్వానికి ఇవ్వాల్సిన నివేదిక దగ్గర మొదలుపెట్టు. దరఖాస్తు సంగతి ఆ తర్వాత. చాలామంది ముందు మంచి మాటలతో దరఖాస్తు నింపేస్తారు. డబ్బు వచ్చాక, ఇంతకీ మనం ఏం చేస్తామని రాశామా అని వెతుక్కుంటారు. గ్రాంటంటే ఒప్పందం. ఇంతమందితో ఈ పని చేస్తాం, ఈ మార్పు చూపిస్తాం అని మీరు రాసిచ్చిన మాటకి ప్రభుత్వం కట్టే సొమ్ము అది. ఆ మాట ఎంత కచ్చితంగా ఉంటే దరఖాస్తు అంత సులువుగా తయారవుతుంది.

నోటిఫికేషన్ మొత్తం ఒకసారి చదివాక రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదువు. ఎవరు అర్హులు, ఏ ఖర్చులు ఒప్పుకోరు, సంఘం వాటా ఎంత పెట్టాలి, దేనికి ఎన్ని మార్కులు అన్నవి గీత గీసి పెట్టుకో. మార్కుల పట్టిక ఉంటే పేజీలు కూడా ఆ లెక్కనే పంచు. అవసరం గురించి రాసినదానికి 15 మార్కులు, పని ప్రణాళికకి 35 మార్కులు అని వాళ్లే చెప్పినప్పుడు, అవసరం మీద నాలుగు పేజీలు రాసి ప్రణాళికని ఒక పేజీలో ముగిస్తే నష్టం మీకే.

డబ్బు ముందు ఇస్తారా, ఖర్చు పెట్టాక బిల్లులు చూసి ఇస్తారా అన్నది అన్నిటికంటే ముందు తేల్చుకో. రెండో పద్ధతి అయితే మొదటి వాయిదా చేతికి వచ్చేదాకా జీతాలు, సరుకులు మీ జేబులోంచే పోవాలి. కనీసం మూడు నెలల ఖర్చు సంఘం ఖాతాలో లేకపోతే ఆ గ్రాంట్ జోలికి వెళ్లకండి. అప్పు తెచ్చి నడిపితే దాని వడ్డీ సాధారణంగా గ్రాంట్ ఖర్చులోకి రాదు. మంచి కార్యక్రమాలు మధ్యలో ఆగిపోవడానికి ఇది పెద్ద కారణం. దరఖాస్తు రాసేవాళ్లకి ఇది చివరిదాకా తట్టదు.

ఇక నివేదిక. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయి: ఏం మారాలి, ఇప్పుడు ఎంత ఉంది, చివరికి ఎంత కావాలి, ఎలా కొలుస్తాం. "ప్రజల్లో అవగాహన పెరుగుతుంది" అన్న వాక్యం ఈ గడుల్లో ఇమడదు. అలాంటి వాక్యాలు దరఖాస్తులో కూడా వద్దు.

కొలవడానికి ఏది ఎంచుకోవాలన్న దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. తొమ్మిది నెలల వంట శిక్షణకి రక్తహీనత తగ్గిస్తామనో, పిల్లల ఎదుగుదల లోపం పోగొడతామనో రాసేస్తారు. రక్తహీనతకి తిండి ఒక్కటే కారణం కాదు. కడుపులో పురుగులు, మలేరియా, ఎక్కువ రక్తస్రావం, వరుస కాన్పులు, ఇలా చాలా ఉంటాయి. వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడమన్నది గర్భం నుంచి మొదలై రెండేళ్లలోపు గట్టిపడే సమస్య. ఏడాది గ్రాంట్‌తో ఆ అంకె కదలదు. కదలని అంకెని లక్ష్యంగా పెట్టుకుంటే, మీరెంత కష్టపడి పనిచేసినా నివేదికలో ఓడిపోయినట్టే కనిపిస్తుంది. మీ కార్యక్రమం నేరుగా తాకేది ఇంట్లో తినే తిండిని. దాన్నే కొలవండి.

దానికి మంచి సాధనం ఉంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీల ఆహారంలో వైవిధ్యాన్ని కొలిచే పద్ధతి ఇది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2016లో దీని మార్గదర్శిని ప్రచురించింది. ఆహారాన్ని పది వర్గాలు చేస్తారు: ధాన్యాలు, దుంపలు కలిపి ఒకటి; పప్పుధాన్యాలు; గింజలు, విత్తనాలు; పాలు, పాల పదార్థాలు; మాంసం, చేపలు; గుడ్లు; ముదురాకుపచ్చ ఆకుకూరలు; విటమిన్ ఎ ఎక్కువగా ఉండే ఇతర కూరగాయలు, పండ్లు; మిగతా కూరగాయలు; మిగతా పండ్లు. గడిచిన పగలూ రాత్రీ కలిపి ఐదు వర్గాలు, అంతకు మించి తిన్న స్త్రీలు నూటికి ఎంతమంది అన్నదే మీ అంకె. ఇది గుంపు మొత్తానికి చెప్పే అంకె. ఒక మనిషిని చూపించి ఆమెకి పోషకాహార లోపం ఉందని దీన్నిబట్టి చెప్పకూడదు. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకి వేరే లెక్క ఉంది. వాళ్లకి తల్లిపాలతో కలిపి ఎనిమిది వర్గాలు, అందులో కనీసం ఐదు అందాలి.

అడిగే తీరులోనే అంతా ఉంది. "మీరు ఆకుకూరలు తింటారా?" అంటే అందరూ తింటామనే అంటారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇవాళ పొద్దున లేచేదాకా నోట్లో పెట్టుకున్న మొదటిది ఏంటి? ఆ తర్వాత?" అని వరుసగా వెళ్లాలి. కూర అని చెబితే అందులో ఏమేం వేశారో అడగాలి. ఇంటి బయట తిన్నది, పనిచేసే చోట తాగింది విడిగా గుర్తుచెయ్యాలి. మరిచిపోయేవి ఎక్కువగా అవే. రుచి కోసం చిటికెడు వేసింది లెక్కలోకి రాదు. ఆ వర్గంలో కనీసం 15 గ్రాములు, అంటే సుమారు ఒక పెద్ద చెంచాడు తింటేనే టిక్ పెట్టాలి. పైన జల్లిన నాలుగు ఆకులకి ఆకుకూర గడిలో టిక్ పెట్టేస్తే మొదటి సర్వే అంకె ముందే ఎక్కువగా వస్తుంది. ఇక చివర చూపించడానికి మార్పంటూ మిగలదు. అందుకే సర్వేకి వెళ్లేవాళ్లని ఒకే ఇంటికి ఇద్దరిద్దరిగా పంపి, విడివిడిగా టిక్ పెట్టించి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడు. తేడా వచ్చిన చోటే శిక్షణ అవసరం.

సర్వే ఏ నెలలో చేస్తారో దరఖాస్తులోనే రాయండి. మొదటిది కూరగాయలు పుష్కలంగా దొరికే రోజుల్లో, చివరిది ఏమీ దొరకని రోజుల్లో చేస్తే మీ కార్యక్రమం వల్ల తిండి తగ్గిందని తేలుతుంది! రెండూ ఏడాదిలో ఒకే కాలంలో పడాలి. గ్రాంట్ గడువు పది నెలలే అయితే ఆ ఇబ్బందిని ముందుగానే చెప్పి, కాలం వల్ల వచ్చిన తేడా ఎంతో తెలిసేలా కార్యక్రమం జరగని పక్క ప్రాంతంలో కూడా అదే సర్వే చేస్తామని రాయండి. మదింపు చేసేవాళ్లు అలాంటి జాగ్రత్తని ఇట్టే గుర్తిస్తారు.

ఎంతమందిని అడగాలన్నది మీరు చూపించదలచిన మార్పుని బట్టి ఉంటుంది. నూటికి 40 ఉన్న అంకెని 60కి తీసుకెళ్తామంటే ఒక్కో విడతలో సుమారు 100 మంది సరిపోతారు. 40ని 50 చేస్తామంటే దాదాపు 400 మంది కావాలి. చిన్న తేడాని నమ్మకంగా పట్టుకోవాలంటే ఎక్కువమంది అవసరమవుతారు. ఇవి జాబితాలోంచి చీటీలు తీసినట్టు ఎంపిక చేసినప్పటి లెక్కలు. కొన్ని వీధులే ఎంచుకుని అక్కడ అందరినీ అడిగితే సంఖ్య దాదాపు రెట్టింపు చేసుకోవాలి. చిన్న సంఘం 400 మంది సర్వేకి సిద్ధపడే బదులు, తక్కువమందితో లోతుగా పనిచేసి పెద్ద మార్పు చూపించడం మేలని నా అభిప్రాయం.

లోతుగా అంటే ఒకే గుంపుతో మళ్లీ మళ్లీ కూర్చోవడం. వందమందిని కూర్చోబెట్టి ఒక్కసారి ఉపన్యాసం ఇస్తే ఇంట్లో వంట మారదు. 15, 20 మంది గుంపుతో వారానికొకసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు కలిసి, వాళ్ల చేతే వండించి, వండింది అక్కడే తినాలి. ఇంట్లో సరుకులు కొనేవాళ్లని, వంట చూసుకునే పెద్దవాళ్లని వదిలేసి యువతుల్నే పిలిస్తే నేర్చుకున్నది గడప దాటి లోపలికి వెళ్లదు. నలుగురిలో ఒకరు మధ్యలో మానేస్తారనుకుని చేర్చుకోండి. చంటిపిల్లల్ని చూసుకునే మనిషి, పని గంటలకి అడ్డురాని సమయం, ఈ రెండూ ఏర్పాటు చేస్తే మానేసేవాళ్లు బాగా తగ్గుతారు. చెప్పే విషయాల్లో అంకెలు తప్పుగా పోకూడదు. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు, ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు కంటే తక్కువ. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితులు.

బడ్జెట్లో "కూరగాయలు – మొత్తంగా ఇంత" అని రాస్తే ఆ పద్దుని కోసేస్తారు. లెక్క కనిపించాలి. ఉదాహరణకి 4 గుంపులు, గుంపుకి 20 మంది, 8 తరగతులు: 640 మనిషి వంతులు. వంతుకి శుభ్రం చేసిన కూరగాయ 100 గ్రాములు అనుకుంటే 64 కిలోలు. తొక్క, కాడ, పాడైనవి పోగా అంత మిగలాలంటే, ఐదో వంతు తరుగు వేసుకుని 80 కిలోలు కొనాలి. ఆ 80ని మీరు తెచ్చిన కొటేషన్‌లోని ధరతో గుణించు. ప్రతి పద్దూ ఇలాగే ఉండాలి. అప్పుడు ఎవరు ఏం అడిగినా జవాబు ఆ పద్దులోనే ఉంటుంది.

మరిచిపోయే ఖర్చులు కొన్ని ఉన్నాయి: ఆడిటర్ ఫీజు, వంటచెరుకు లేదా గ్యాస్, నీళ్లు, సరుకుల రవాణా, వండేవాళ్ల ఆరోగ్య పరీక్షలు, సర్వే కాగితాలు, మానేసినవాళ్ల స్థానంలో చేర్చుకున్న కొత్తవాళ్లకి మళ్లీ శిక్షణ. కొలతకి మొత్తంలో 5 నుంచి 10 శాతం పక్కన పెట్టు. మంజూరు తేదీకి ముందు పెట్టిన ఖర్చు దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. సంఘం వాటాగా వాలంటీర్ల గంటలు చూపిస్తే మొదటి రోజు నుంచే సంతకాల రిజిస్టర్ ఉండాలి. తర్వాత కూర్చుని నింపిన రిజిస్టర్‌ని ఆడిటర్ సిరా రంగు చూసే పట్టేస్తాడు.

వాటా సొమ్ము కోసం కంపెనీల దగ్గరికి వెళ్లేముందు ఆలోచించు. తీపి పానీయాలు అమ్మేవాళ్ల బ్యానర్ కింద పోషకాహార తరగతి పెడితే మీ మాటకి విలువ పోతుంది. పాలపొడి డబ్బాల కంపెనీల విషయంలో అయితే 1981 నాటి అంతర్జాతీయ నియమావళి ఉంది. తల్లిపాలకి బదులుగా వాడేవాటి ప్రచారాన్ని అది వద్దంటుంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

వండిపెట్టే కార్యక్రమం కాబట్టి భద్రత గురించి అర పేజీ తప్పకుండా రాయండి. పచ్చి మాంసానికీ వండినదానికీ వేరువేరు కత్తులు, పలకలు. వంటకం మధ్యభాగం 70 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడికించడం. వండింది రెండు గంటలకు మించి బయట వదలకుండా, వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు ఉంచడం. ఎవరికి ఏ తిండి పడదో చేర్చుకునేటప్పుడే అడిగి రాసుకోవడం. పిల్లల ఫొటోలకి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కూడా అప్పుడే తీసుకోండి.

ఇప్పటికే ప్రభుత్వం అక్కడ నడుపుతున్న పోషకాహార పథకం ఉంటే దాన్ని దాచొద్దు. వాళ్లు ఏం ఇస్తున్నారు, ఎవరికి అందడం లేదు, మీరు ఎక్కడ కలుస్తారు అన్నది రాసి, వాళ్ల మద్దతు లేఖ జతచేయండి. ఒకే పనికి రెండు చోట్ల డబ్బు అడుగుతున్నారన్న అనుమానం వస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

పంపేముందు ఒక పని చెయ్యి. దరఖాస్తులో ఉన్న అంకెలన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాయి. ప్రణాళికలో 80 మంది, బడ్జెట్లో 100 మంది, సర్వేలో 120 మంది అని ఉండటం చాలా మామూలుగా జరిగే తప్పు. ముగ్గురు మూడు భాగాలు రాస్తే ఇలాగే వస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో, బ్యాంకు ఖాతాలో సంఘం పేరు అక్షరం తేడా లేకుండా ఒకటేనా చూడు. ఆఖరి రోజు పోర్టల్ మొరాయిస్తుంది. ఫైలు సైజు ఎక్కువైందని వెనక్కి కొడుతుంది. రెండు రోజుల ముందే అప్‌లోడ్ చేసి, అందినట్టు వచ్చిన నంబరు దాచిపెట్టు.

మంజూరైతే ఒప్పందం చదవకుండా సంతకం పెట్టొద్దు. గ్రాంట్‌కి విడిగా ఖాతా తెరవండి. బిల్లు వచ్చిన రోజే దాని వెనక ఏ పద్దు కిందికి వస్తుందో రాసి ఫైల్లో పెట్టండి. ఒక పద్దు సొమ్ము ఇంకో పద్దుకి మార్చాలంటే ముందుగా రాతపూర్వకంగా అనుమతి అడగండి. అధికారి ఫోన్లో సరేనన్నా, ఆ మాట కాగితం మీదికి వచ్చేదాకా ఆగండి. పని వెనకబడితే మూడో నెలలోనే చెప్పండి. గడువు పెంచడానికి అప్పుడు వీలుంటుంది, పదో నెలలో చెబితే మిగిలిన డబ్బు వెనక్కి కట్టమంటారు.

తిరస్కరిస్తే మదింపు వ్యాఖ్యలు ఇవ్వమని వారంలోగా మర్యాదగా ఉత్తరం రాయండి. ఎక్కడ మార్కులు పోయాయో తెలిస్తే సగం దరఖాస్తు మళ్లీ రాయనక్కర్లేదు. మొదటి సర్వే చేసి ఉంటే ఆ కాగితాలు పారేయొద్దు. వచ్చే విడతకి అవసరాన్ని చూపించే ఆధారం అదే.

నీ
పెద్దమ్మ