బోరు మోటరు నుంచి ఎత్తిపోతల పంపు దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మోటార్ల నియంత్రణకు, పర్యవేక్షణకు సంబంధించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: మా బోరు 420 అడుగులు. ఐదు హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటరు దించాం. కాలిపోయిన ప్రతిసారీ పైపులన్నీ ఊడదీసి పైకి లాగితే తప్ప ఏమైందో తెలియడం లేదు. మోటరు లోపల ఉండగానే దాని పరిస్థితి తెలుసుకునే దారి ఏదైనా ఉందా?
— ఒక రైతు, దేవరకొండ

జవాబు: ఉంది. అంత లోతులో ఉన్న మోటరుకు ప్రకంపనను కొలిచే సెన్సరునో వేడిని కొలిచే సెన్సరునో బిగించి తీగలు పైకి తేవడం సాధారణ రైతుకు కుదిరే పని కాదు. అయితే స్టార్టరు డబ్బా నుంచి కిందికి దిగే మూడు తీగల్లో పారే కరెంటు, లోపల జరిగే మార్పులకు ఎంతో కొంత స్పందిస్తూనే ఉంటుంది. విడిగా సెన్సరు పెట్టలేని చోట మోటరునే సెన్సరుగా వాడుకోవడం ఎలా అన్నదాని చుట్టూ ఈ రంగంలో దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది.

మీరు చేయవలసిన మొదటి పని ఖర్చు లేనిది. మోటరు కొత్తగా దించిన రోజుల్లో, నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు, ఎలక్ట్రీషియన్ దగ్గరి టాంగ్ టెస్టరుతో మూడు ఫేజుల ఆంపియర్లను విడివిడిగా కొలిపించి, మూడు జతల వోల్టేజీలతో సహా ఒక కాగితం మీద రాసి స్టార్టరు మూత లోపలి వైపు అంటించండి. పేరుపలక మోటరుతోపాటే నీళ్లలోకి పోతుంది కాబట్టి తర్వాత పోల్చుకోవడానికి ఈ కాగితమే ఆధారం. డబ్బాలోని ఆమ్మీటరు సాధారణంగా ఒక్క ఫేజునే చూపిస్తుంది. మిగతా రెండింటిలో ఏం జరుగుతోందో అది చెప్పదు.

బోరులో నీళ్లు తగ్గితే పంపు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి. మన సబ్‌మెర్సిబుల్ మోటార్లలో ఎక్కువ భాగం నీళ్లు నింపి దించేవి. లోపలి బుష్షులకు, థ్రస్ట్ బేరింగుకు కందెనగా పనిచేసేదీ, మోటరు వేడిని లాక్కుపోయేదీ నీళ్లే కనుక ఖాళీగా తిరగడం వాటికి ప్రమాదకరం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇండక్షన్ మోటరు ఏ పనీ చేయనప్పుడు కూడా అయస్కాంత క్షేత్రం కోసం కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. చిన్న మోటార్లలో అది పూర్తి లోడు కరెంటులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. కాబట్టి బరువు బాగా తగ్గినా ఆంపియర్లు ఆ మేరకు తగ్గవు. నీళ్లు లేకుండా తిరిగే మోటరును ఆపే డ్రై రన్ రిలేల్లో, ఒక్క ఆంపియర్లనే చూసేదాని కంటే, పవర్ ఫ్యాక్టరునో వాడిన పవరునో లెక్కగట్టే రిలే ముందుగా పసిగడుతుంది. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఇదే.

ఫేజు పోయినప్పటి సంగతి ఇంకా ముఖ్యం. ఒక ఫేజు పోతే అదే బరువును మోయడానికి మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.73 రెట్లకు పెరుగుతుంది. ఫేజు పోతే మోటరును ఆపేసే ప్రివెంటరు ఉన్నా మోటార్లు కాలిపోతున్నాయని చాలామంది రాశారు. చౌక ప్రివెంటర్లు వోల్టేజీని మాత్రమే చూస్తాయి. మోటరు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, తిరిగే రోటరు ఆ పోయిన ఫేజు కొనల మధ్య మామూలుకు దగ్గరగా వోల్టేజీని తానే పుట్టిస్తుంది; ప్రివెంటరు మూడూ ఉన్నాయనే అనుకుంటుంది. కరెంటును చూసే ప్రివెంటరు ఇలా మోసపోదు. ఇక కండెన్సర్లు కట్టి రెండు ఫేజులతోనే నడిపించేవారు ప్రివెంటరును ఉన్నా లేనట్టే చేసుకుంటున్నారు.

మూడు ఫేజులూ ఉండి, వాటి మధ్య తేడా ఉన్నా వైండింగు నెమ్మదిగా దెబ్బతింటుంది. మూడు జతల వోల్టేజీలు 420, 410, 394 అనుకుందాం. సగటు 408. సగటుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది 394. తేడా 14, అంటే 3.4 శాతం. ఈ శాతాన్ని వర్గం చేసి రెండుతో గుణిస్తే, వైండింగులో పుట్టే వేడి ఎంత శాతం అదనమో ఉజ్జాయింపుగా వస్తుంది. ఇక్కడ అది 23 శాతానికి పైనే. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఇన్సులేషను ఆయుష్షు దాదాపు సగమవుతుందన్న పాత సూత్రాన్ని దీనికి జోడిస్తే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒకరి మోటరు పదేళ్లు నడిచి మరొకరిది రెండేళ్లకే ఎందుకు కాలుతుందో కొంతవరకు అర్థమవుతుంది.

ఆటో స్టార్టర్ల గురించి కూడా అడిగారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని అధికారులు కోరింది ప్రధానంగా భూగర్భ జలాన్ని దృష్టిలో పెట్టుకొని. మోటరు వైపు నుంచి చూసినా ఆ మాట సరైనదే. పోయిన కరెంటు తిరిగి రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కొక్కటి పూర్తి లోడు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజీ కుంగి, ఏ మోటరూ త్వరగా వేగం అందుకోలేక అన్నీ వేడెక్కుతాయి. తప్పనిసరిగా ఉంచుకోవాలంటే, పక్క బోర్లవారితో మాట్లాడుకొని ఒక్కొక్కరు ఒక్కొక్క రకం ఆలస్యం పెట్టుకోండి.

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. సీజనులో ఒక్క బేరింగు పట్టేస్తే మిల్లంతా ఆగుతుంది. ప్రతి మోటరుకూ వైర్‌లెస్ సెన్సరు బిగిస్తే అన్నీ ముందుగానే ఫోనులో తెలుస్తాయని ఒక సంస్థవారు అంటున్నారు. నమ్మవచ్చా?
— ఒక మిల్లు నిర్వాహకుడు

జవాబు: ఆ సెన్సరు సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో అడగండి. వారి జవాబును బట్టి నమ్మాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.

మీ మోటరులో 6205 బేరింగు ఉందని, అందులో 9 బంతులున్నాయని, మోటరు నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. బయటి రింగు మీద చిన్న గుంట పడితే బంతులు దాని మీదుగా సెకనుకు సుమారు 86 సార్లు దొర్లుతాయి; గుంట లోపలి రింగు మీద పడితే ఆ దెబ్బలు సుమారు 130. తొలిదశలో ఒక్కో దెబ్బ చాలా చిన్నది. అయితే ఆ దెబ్బకు బేరింగు చుట్టూ ఉన్న లోహం కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర క్షణకాలం మోగుతుంది. ఆ మోతను పట్టుకొని, అది సెకనుకు 86 సార్లు వస్తోందా, 130 సార్లు వస్తోందా అని లెక్కించే పద్ధతిని ఎన్వలప్ విశ్లేషణ అంటారు. దీనికి సెకనుకు కనీసం పదివేల కొలతలైనా కావాలి.

నిమిషానికి ఒక సగటు అంకె పంపే సెన్సరు ఈ మోతను వినలేదు. అది చూపేది మిల్లీమీటర్లలో ప్రకంపన వేగం. పునాది బోల్టు వదులైనా, పుల్లీ వంకరగా కూర్చున్నా, ఫ్యాను ఒక పక్కకు బరువైనా అది చెబుతుంది, అవీ పనికొచ్చే సంగతులే. కానీ బేరింగు ఒక్కటే కారణంగా ఆ అంకె చిన్న మోటార్లకు ప్రమాద రేఖగా చెప్పుకునే సెకనుకు 4.5 మిల్లీమీటర్లను దాటిందంటే మీకు మిగిలిన సమయం చాలా తక్కువ. వేడిని చూపే అంకె అంతకన్నా ఆలస్యంగా కదులుతుంది. సెన్సరును ఎక్కడ బిగిస్తున్నారో కూడా చూడండి. వెనుక ఫ్యాను మీది రేకు మూతకు అతికిస్తే రేకు చప్పుడు తప్ప మరేమీ రాదు. బేరింగు కూర్చున్న పోత భాగం మీదే బిగించాలి.

అన్ని మోటార్లకూ పెట్టడం నా దృష్టిలో వృథా. బదులు మోటరు సిద్ధంగా లేక, ఆగితే మిల్లు మొత్తం ఆగిపోయేవి ఏవో మీకు తెలుసు: బాయిలర్ ఫ్యాను, ప్రధాన ఎలివేటరు, పాలిషరు. వాటికి మంచి సెన్సర్లు పెట్టి, చిన్న కన్వేయర్లకు ఒక విడి మోటరును అటక మీద ఉంచుకుంటే చాలు. అంతకంటే ముందు మోటరు పక్కటెముకల మధ్య పేరుకున్న ఊక దుమ్మునూ తవుడునూ వారానికోసారి దులిపించండి. గాలి ఆడని మోటరు మీద ఎంత ఖరీదైన సెన్సరు పెట్టినా అది మోటరు కాలడాన్ని నమోదు చేస్తుందే గాని ఆపదు.

ప్యానల్ బోర్డు దగ్గర నిలబడి కరెంటును చూస్తే సరిపోదా అని ఇదే ఉత్తరంలో అడిగారు. రోటరు కడ్డీలు విరిగితే బాగా తెలుస్తుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే అయస్కాంత క్షేత్రంలో 1440 తిరిగే మోటరు 4 శాతం వెనుకబడి ఉన్నట్టు. కడ్డీ విరిగితే కరెంటులో 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఆ వెనుకబాటుకు రెట్టింపు దూరంలో, అంటే 46, 54 హెర్ట్జ్ దగ్గర చిన్న శిఖరాలు లేస్తాయి. మోటరు తేలికగా తిరుగుతున్నప్పుడు అవి 50కి దగ్గరగా జరిగి దాని నీడలో దాక్కుంటాయి కనుక పూర్తి లోడు మీద, కనీసం పది సెకన్ల పాటు నమోదు చేయాలి. ఒక హెచ్చరిక: ధాన్యం ఒక్కోసారి ఎక్కువా ఒక్కోసారి తక్కువా పడే యంత్రాల్లో లోడు ఊగిసలాట కూడా ఇలాంటి శిఖరాలనే పుట్టిస్తుంది. ఇక బేరింగు లోపం కరెంటులో చాలా బలహీనంగా కనిపిస్తుంది. 1980లలో అమెరికా విద్యుత్ కేంద్రాల మోటార్లపై జరిగిన సర్వేలో లోపాల్లో సుమారు 41 శాతం బేరింగులవి, 37 శాతం తిరగకుండా ఉండే వైండింగు భాగమైన స్టేటరువి, 10 శాతం రోటరువి. ఆ 41 శాతం కోసమే ప్రకంపన సెన్సరు.

ప్రశ్న: బేరింగు లోపాలను డీప్ లెర్నింగుతో గుర్తించడం నా ఎం.టెక్. అంశం. ప్రసిద్ధ అమెరికన్ డేటాతో 99 శాతానికి పైగా కచ్చితత్వం వచ్చినా పరీక్షకులు తృప్తిపడలేదు. ఇంకేం చేయాలి?
— ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: పరీక్షకుల అసంతృప్తి న్యాయమైనదే. మీరు వాడినది క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం డేటా అని మీ వివరాలను బట్టి తెలుస్తోంది. అందులో రెండు హార్స్‌పవర్ మోటరు బేరింగుల్లో లోపాలను విద్యుత్ స్పార్కుతో, 0.007 అంగుళం మొదలుకొని కొలిచినట్టుగా గుంటలు చేసి పెట్టారు. ఒకే రికార్డింగును చిన్న ముక్కలుగా కోసి, కొన్నిటిని శిక్షణకూ కొన్నిటిని పరీక్షకూ వాడితే, మోడల్ లోపాన్ని నేర్చుకుందో, ఆ బేరింగునే గుర్తుపట్టిందో తేలదు. ప్రచురితమైన ఎన్నో 99 శాతాల వెనుక ఉన్నది ఈ విభజనే. ఒక బేరింగు ముక్కలన్నీ పూర్తిగా ఒకే వైపు ఉండేలా విభజించి మళ్లీ నడపండి. అంకె పడిపోతుంది, దాన్ని దాచకుండా థీసిస్‌లో రాయండి, ఎంత పడిందన్నదే మీ పరిశోధన అవుతుంది.

తర్వాత జర్మనీలోని పాడర్‌బార్న్ విశ్వవిద్యాలయం డేటాను తీసుకోండి. అందులోని 32 బేరింగుల్లో 12 చేతితో పాడుచేసినవి, 14 వాడకంలో అరిగేలా నడిపించి నిజంగా పాడైనవి, 6 మంచివి. ప్రకంపనతోపాటు మోటరు కరెంటు కూడా నమోదై ఉంది. చేతితో చేసిన లోపాలతో నేర్పి, నిజంగా అరిగిన వాటిపై పరీక్షించడం ఎంత కష్టమో అక్కడ చూడవచ్చు. పక్కనే సాదా ఎన్వలప్ విశ్లేషణ ఫలితాన్ని కూడా పెట్టండి. సెన్సరును జిన్నింగు మిల్లులో సీజనంతా బిగించే అవకాశం దొరికితే మాత్రం వదులుకోవద్దు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గరి మా పరిశ్రమలో మోటార్లకు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీలు పెట్టాక బేరింగులు త్వరగా చప్పుడు చేస్తున్నాయి. గ్రీజు మార్చినా ఫలితం లేదు.
— మెయింటెనెన్స్ విభాగం ఉద్యోగి

జవాబు: పాడైన బేరింగును కోసి రింగు లోపలి భాగాన్ని చూడండి. దున్నిన చేనులో చాళ్లలా సమాన దూరంలో అడ్డగీతలు ఉంటే అది కరెంటు చేసిన పని. వీఎఫ్‌డీ సెకనుకు వేలసార్లు స్విచ్ చేసే వోల్టేజీలో కొంత భాగం రోటరు మీదికి చేరి, బేరింగులోని పలుచని గ్రీజు పొరను ఛేదించుకొని స్పార్కుల రూపంలో భూమికి పోతుంది. గ్రీజు తప్పేమీ లేదు. చిన్న మోటార్లలో షాఫ్టుకు గ్రౌండింగ్ రింగు బిగించడం, వీఎఫ్‌డీ నుంచి మోటరుకు షీల్డు ఉన్న కేబులు వాడి రెండు చివరలా ఎర్తు చేయడం మార్గాలు. దాదాపు వంద కిలోవాట్లు దాటిన మోటార్లలో షాఫ్టు గుండా చుట్టి తిరిగే మరో రకం కరెంటు కూడా ఉంటుంది కనుక, లోడు లేని వైపు ఇన్సులేటెడ్ బేరింగు కూడా అవసరం.

ప్రశ్న: పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పంపులకు కూడా కరెంటు చూసి లోపం చెప్పే పద్ధతి పనికొస్తుందా?
— ఒక అధ్యాపకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: పైన చెప్పిన రూపంలో పనికిరాదు. ఆ 145 మెగావాట్ల యంత్రాలు సింక్రనస్ మోటార్లు. క్షేత్రంతో సమానంగా తిరుగుతాయి, వెనుకబాటు అంటూ ఉండదు, కాబట్టి ఆ శిఖరాలూ ఉండవు. ఒక్కొక్కటీ ఐదు హార్స్‌పవర్ బోరు మోటార్లు దాదాపు 39 వేలకు సమానం కనుక సెన్సర్ల ఖర్చు అక్కడ లెక్కలోకి రాదు. ఈ తరగతి యంత్రాల్లో వైండింగు గాడుల్లోనే ప్లాటినం తీగ థర్మామీటర్లను ముందుగా అమరుస్తారు. వాటి నిరోధం సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు, వంద డిగ్రీల వద్ద 138.5 ఓములు. నిలువుగా వేలాడే రోటరు బరువంతా మోసే థ్రస్ట్ బేరింగు పలకల వేడినీ, షాఫ్టు ఎటు ఎంత ఒరుగుతోందో మైక్రాన్లలోనూ నిరంతరం కొలుస్తారు. ఇన్సులేషనులో పుట్టే సూక్ష్మ విద్యుత్ ఉత్సర్గాలను వినే పరికరాలు కూడా ఈ తరగతి యంత్రాలకు బిగించడం పరిపాటి. రైతు స్టార్టరు దగ్గర మూడు తీగలతో సరిపెట్టుకోవలసిన చోట, ఇక్కడ ఒక్కో మోటరు నుంచి కంట్రోల్ రూముకు పదుల సంఖ్యలో కొలతలు చేరుతుంటాయి.