టాన్సిల్స్ ఆపరేషన్ అయ్యాక బాబు చెవి నొక్కడం

అమ్మలూ,

ఆపరేషన్ అయ్యాక నొప్పి, ఏడుపు తగ్గడానికి చెవి మీద ఒక చోట నొక్కితే బాబు ఊరుకుంటాడా అన్నావు. కొందరు పిల్లలు ఊరుకుంటారు, కొందరు చెయ్యి తోసేస్తారు. దీని మీద పిల్లల్లో జరిగిన పరిశోధనలు చిన్నవే, కాబట్టి నొప్పి మందు మానేసి దీన్ని నమ్ముకోకు.

ముందు నీ చెవి మీద నేర్చుకో. చెవి పైభాగంలో లోపలి మడత రెండు పాయలుగా చీలుతుంది. వాటి మధ్య మూడు మూలల పల్లం ఉంటుంది చూడు, అందులో పాయలు కలిసే మూల వైపు, కాస్త పైగా ఉన్న చోటు చైనా సంప్రదాయ వైద్యంలో చెప్పే షెన్‌మెన్. ముందు చూపుడువేలి కొస, వెనక బొటనవేలు పెట్టి మెల్లగా అదుముతూ వదులుతూ ఒక నిమిషం. గోరు తగలనివ్వకు. నీ చెవికి నొప్పనిపించిందంటే వాడికది ఎక్కువే. ముందు రోజు రాత్రి ఆటలా ఒకసారి చెయ్యి, అలవాటవుతుంది. ఆపరేషన్ అయ్యాక పక్కకి తిప్పి పడుకోబెడతారు, పైకున్న చెవి ఒక్కటి చాలు. దానికోసం తల తిప్పొద్దు.

మత్తు దిగేటప్పుడు ఈ వయసు పిల్లలు కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, అమ్మనీ గుర్తుపట్టరు. చాలావరకు అరగంటలో తగ్గుతుంది. అప్పుడు చెవి జోలికి పోకు, సెలైన్ సూది ఊడకుండా చూసుకో. ఆక్సిజన్ తగ్గినా అలాగే కొట్టుకుంటారు, అందుకని వేలి క్లిప్పు అంకె చూడమని సిస్టర్‌ని అడుగు. నిన్ను గుర్తుపట్టి వెక్కుతున్నప్పుడు మొదలుపెట్టు.

ప్లాస్టర్‌కి అంటించి, చెవి మీద నొక్కే చోట అతికించడానికని అమ్మే గింజలు వద్దేవద్దు. పీకి నోట్లో పెట్టుకుంటాడు, ఊపిరిగొట్టంలోకి పోతే మరో ఆపరేషన్.

ఇంటికొచ్చాక చెవి పట్టుకుని ఏడిస్తే కంగారుపడకు, గొంతు నొప్పే చెవికి పాకుతుంది. అప్పుడు నొక్కితే ఇంకా మండిపడతాడు. మందు వేళ దాటిందేమో చూడు. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. వాడు 16 కిలోలు కదా, 240 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మి.లీ.కి 250 అని ఉంటే 4.8 మి.లీ., 125 అని ఉంటే 9.6. పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. థియేటర్లో ఎన్నింటికి ఇచ్చారో కూడా అడిగి రాసుకో.

నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే మాత్రం చెవి నొక్కి జోకొట్టకు. టార్చి వేసి నోట్లో చూడు, ఎర్రటి రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి. మొదటి రోజు దాటినా 5 నుంచి 10 రోజుల మధ్య మళ్లీ ఆ భయం ఉంటుంది.

పెద్దమ్మ