మా వాడిది పాత సామాన్ల ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి విజయనగరంలో మెకానికల్ బి.టెక్ చేశాడు. నాలుగు నెలల కిందట బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాడు. చిప్పులు తయారుచేసే పాత మెషిన్లకు ఇప్పుడు మార్కెట్లో దొరకని వాల్వులు ఎక్కడున్నాయో వెతికి తెప్పించడం వాడి పనట. నెలకు 24 వేలు. ఎవరైనా అడిగితే ఏం ఉద్యోగమని చెప్పాలో తెలియడం లేదు. మా తోడల్లుడి కొడుకు వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సు చేసి మంచి ప్యాకేజీ తెచ్చుకున్నాడు. సిరిమాను పండక్కి వచ్చినప్పుడు మావాణ్ని ఇంటి దగ్గరే ఆపేసి, లక్షన్నర కట్టి అదే కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండిటినీ పోల్చి చెప్పగలరు. – ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: మాస్టారూ, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, ఒకరికి తోడల్లుడి కొడుకు, ఇంకొకరికి ఎదురింటివాళ్ల అమ్మాయి. లోపలి భయం మాత్రం ఒకటే: నలుగురిలో చెప్పుకోవడానికి వీల్లేని ఉద్యోగం, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమనుకుంటారో అని. ఆ భయానికి ముందు జవాబు చెప్పి, తర్వాత కోర్సు సంగతికి వస్తాను.

మీవాడు చేసేది పాత సామాన్ల బేరం కాదు. చిప్పుల ఫ్యాక్టరీలు, అంటే ఫ్యాబ్‌లు, ఈ పాతికేళ్లలో 8 అంగుళాల వేఫర్ల (చిప్పులు తయారయ్యే పల్చటి సిలికాన్ బిళ్లల) నుంచి 12 అంగుళాల వాటికి మారాయి. అలాగని పాతవి మూతపడలేదు. కార్లలో, ఛార్జర్లలో ఉండే పవర్ చిప్పులు, సెన్సర్లు ఇప్పటికీ చాలావరకు 8 అంగుళాల లైన్ల మీదే తయారవుతున్నాయి. 2021లో చిప్పులు లేక కార్ల కంపెనీలు ఉత్పత్తి ఆపుకున్నాయే, అప్పుడు ఎక్కువగా కొరత వచ్చింది ఇలాంటి పాత తరం చిప్పులకే. మన దేశంలోనే చూడండి. మొహాలీలోని సెమీకండక్టర్ లాబొరేటరీది 8 అంగుళాల లైన్, 180 నానోమీటర్ల పాత తరం టెక్నాలజీ. ఇస్రో రాకెట్ల కోసం చేసిన విక్రమ్ ప్రాసెసర్ అక్కడే తయారైంది. ఇలాంటి లైన్లలో 1990ల నాటి మెషిన్లు ఇంకా నడిచే ఫ్యాబ్‌లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటి విడిభాగాలను తయారీదారు ఎప్పుడో ఆపేసి ఉంటాడు. ఆపేముందు ‘ఆఖరి ఆర్డర్లు పెట్టుకోండి’ అని ఒక నోటీసు ఇస్తాడు. అప్పుడు కొనిపెట్టుకోని ఫ్యాబ్, పదేళ్ల తర్వాత మీవాడి కంపెనీకి ఫోన్ చేస్తుంది.

మీ విజయనగరం వైపు జూట్ మిల్లులు మీకు కొత్త కాదు. మగ్గంలో ఒక ముక్క అరిగిపోతే లేత్ దగ్గర టర్నర్ అలాంటిదే ఇంకొకటి చేసి ఇచ్చేస్తాడు, మిల్లు తిరుగుతుంది. ఫ్యాబ్‌లో ఆ వీలు లేదు. ఒక్క గ్యాస్ లైన్ డయాఫ్రం వాల్వునే తీసుకోండి. పిడికిలిలో పట్టేంత ఉంటుంది. లోపల పల్చటి లోహపు రేకు, పైన గాలి ఒత్తిడితో వాల్వును తెరిచి మూసే యాక్చుయేటర్, అటూ ఇటూ పావు అంగుళం ఫిట్టింగులు. పాత మోడల్ ఆగిపోయింది, కేటలాగులో ‘దీని బదులు ఇది’ అని కొత్త నంబరు ఇచ్చారు. తెప్పించి పెడితే పొడవులో మూడు మిల్లీమీటర్లు తేడా. స్టీలు పైపు వంగదు, ఫిట్టింగు కలవదు. పొడవు సరిపోయిందనుకోండి, యాక్చుయేటర్ ఎత్తు ఎక్కువై గ్యాస్ బాక్సు మూత పడదు. అదీ కుదిరితే, గ్యాస్ పోయే తీరులో చిన్న తేడా వచ్చి వేఫర్ మీద పొర మందం మారుతుంది. అప్పుడు ఆ ప్రాసెస్ మొత్తాన్ని మళ్లీ పరీక్షించి ఒప్పించుకోవాలి. యాక్చుయేటర్‌కి గాలి అందనప్పుడు మూసుకుని ఉండే రకమా, తెరుచుకుని ఉండే రకమా అన్నది పొరపడితే ఇక చెప్పక్కర్లేదు. ఆ లైన్లో పోయేది సిలేన్ కావచ్చు. అది గాలి తగిలితే చాలు, తనంతట తానే అంటుకుంటుంది.

ఇదంతా పార్ట్ నంబరు పట్టుకుని గూగుల్లో వెతికే పని కాదు. డ్రాయింగు చదవాలి, లోహం రకం, సీలు రకం తెలియాలి. వచ్చిన సరుకు నిజమైనదా నకిలీదా పట్టుకోవాలి. వాల్వు లోపల వాక్యూమ్ పెట్టి, బయట హీలియం చల్లి, పిసరంతైనా లోపలికి వస్తోందేమో మీటరు మీద చూడాలి. కాగితాల పని కూడా తక్కువేమీ కాదు. తుప్పు పట్టని కొన్ని రకాల వాల్వులు రసాయన ఆయుధాల తయారీకీ పనికొస్తాయని ఎగుమతి నియంత్రణ జాబితాల్లో ఉంటాయి. మన దేశంలో ఆ జాబితా పేరు స్కోమెట్. కొనేది ఎవరు, దేనికి అని రాసివ్వకపోతే సరుకు దాటదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇవన్నీ నేర్పే ఉద్యోగాన్ని పట్టుకుని మీరు పండక్కి వస్తే ఆపేస్తానంటున్నారు!

ఇక వీఎల్‌ఎస్‌ఐ. అది చెడ్డ దారి అని నేను అనను. మన దేశంలో చిప్ డిజైన్ పని చాలా ఉంది, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. నా సందేహమంతా ఆ పేరు మీద నడుస్తున్న ఆరు నెలల కోర్సుల మీద. వార్తల్లో గుజరాత్ ఫ్యాబ్ అని, లక్షల ఉద్యోగాలని వచ్చిన దగ్గర్నుంచి శ్రీకాకుళంలో కూడా బోర్డులు కడుతున్నారు. ఫ్యాబ్‌లో ఉండే ఉద్యోగాలు వేరు, డిజైన్ ఉద్యోగాలు వేరు అని ఆ బోర్డుల మీద రాయరు. డిజైన్ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ముందు చూసేది ఈసీఈ వాళ్లను, ఎం.టెక్ వాళ్లను. మీ తోడల్లుడి కొడుకు ఏ బ్రాంచి? ఆ సంగతి మీరు రాయలేదు. ఈసీఈ అయితే వాడి లెక్క మీవాడికి పనికిరాదు. మెకానికల్ చదివినవాడు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పునాది లేకుండా, చిప్ డిజైన్ రాసే భాష వెరిలాగ్ నేర్చుకుని ఇంటర్వ్యూకి వెళ్తే రెండో ప్రశ్నకే ఆగిపోతాడు. అలా ఆగిపోయి, ఫీజు కోసం తెచ్చిన అప్పుకి వడ్డీ కడుతున్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు.

అయినా చేర్పించాలనే ఉంటే, ఇన్‌స్టిట్యూట్‌కి మీరే వెళ్లండి. పోయిన బ్యాచ్‌లో మెకానికల్ వాళ్లు ఎందరు చేరారు, వాళ్లలో ఎందరికి ఆఫర్ లెటర్ వచ్చింది అని అడగండి. ఆ పిల్లల్లో ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమనండి. ల్యాబ్‌లో కేడెన్స్, సినాప్సిస్ లాంటి కంపెనీల చిప్ డిజైన్ టూల్స్ అసలు లైసెన్సుతో ఉన్నాయా అని కూడా అడగండి. జవాబు నీళ్లు నములుతూ వస్తే లక్షన్నర జేబులోనే పెట్టుకుని వచ్చేయండి.

కొంచెం కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు బడిలో పిల్లలకు ఎవరితోనూ పోల్చుకోవద్దని చెప్పే ఉంటారు. ఇంట్లో మాత్రం నాలుగు నెలలుగా ఆ అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా తోడల్లుడి కొడుకు జీతమే మాట్లాడుతున్నారని నా అనుమానం. ఈరోజు ఏ వాల్వు వెతికావు నాన్నా అని ఒక్కసారైనా అడిగారా? మీ ఉత్తరంలో వాడికి ఆ పని నచ్చిందో లేదో ఒక్క మాట కూడా లేదు.

జీతం తక్కువే, దాన్ని నేను వెనకేసుకురాను. అలాగే ఇలాంటి చిన్న కంపెనీలన్నీ ఒకలా ఉండవు. కొన్ని ఉత్త బ్రోకర్లు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెయిళ్లు పంపడం, ఎక్సెల్ నింపడం తప్ప వాల్వు చేతికి తగలదు. మీవాడిది అలాంటిదైతే ఏడాదికి మించి ఉండనక్కర్లేదు. టెస్టింగ్ బెంచి ఉండి, వాణ్ని దాని దగ్గరికి రానిస్తుంటే మాత్రం రెండేళ్లు కదలనివ్వకండి. ఆ తర్వాత ఫ్యాబ్‌లలో ఎక్విప్‌మెంట్ ఇంజినీరుగా, మెషిన్లు తయారుచేసే కంపెనీల్లో ఫీల్డ్ సర్వీసు ఇంజినీరుగా అప్లై చేసుకోవచ్చు. అలాంటి కంపెనీలే అయిన అప్లైడ్ మెటీరియల్స్, లామ్ రీసెర్చ్ రెండిటికీ బెంగళూరులోనే ఆఫీసులున్నాయి. టాటా వాళ్ల ధోలేరా ఫ్యాబ్‌కి 2024లో అనుమతి వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం ఒప్పుకున్న వాటిలో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాబ్ ఒకటి భువనేశ్వర్‌లో రాబోతోంది. అది మీకు ఒక పూట రైలు ప్రయాణం. పైడిభీమవరం ఫార్మా యూనిట్లలోనూ డయాఫ్రం వాల్వులే ఉంటాయి, ఇంటికి దగ్గరగా ఉండాలంటే అదొక దారి. వీటిలో ఏదీ ఖాయమని నేను మాటివ్వను. కానీ వాక్యూమ్, గ్యాస్ లైన్లు, లీక్ టెస్టింగ్ చేతితో చేసినవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి నాలుగు మాటలుంటాయి.

సంబంధాల వాళ్లకు ‘సెమీకండక్టర్ పరికరాల స్పేర్స్ ఇంజినీరు’ అని చెప్పండి. అందులో అబద్ధం లేదు.

మీరు అడగని విషయం ఒకటుంది, నిజానికి తండ్రిగా టెన్షన్ పడాల్సింది దానికే. వాడిన వాల్వులు కూడా ఈ వ్యాపారంలో చేతులు మారుతుంటాయి. ఏదో దేశంలో మూసేసిన ఫ్యాబ్ నుంచి ఊడదీసిన వాల్వులో ఆర్సీన్, ఫాస్ఫీన్ లాంటి విష వాయువుల అవశేషాలు ఉండొచ్చు. శుభ్రం చేశామన్న సర్టిఫికెట్ లేకుండా అలాంటిదాన్ని మామూలు బల్ల మీద పెట్టి స్పానర్‌తో విప్పకూడదు. వాడిన సరుకు వస్తే ఆ కాగితం చూస్తున్నారా, ఎవరు విప్పుతున్నారు, ఎక్కడ విప్పుతున్నారు అని మీవాణ్ని ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి. పండగ దాకా ఆగొద్దు. కాగితాల్లేవు, బల్ల మీదే విప్పేస్తున్నాం అంటే అప్పుడు మాన్పించేయండి, నేనే మీ పక్కన నిలబడతాను. అప్పుడైనా సరే, మాన్పించేముందు ఆఫర్ లెటర్లో సర్వీసు బాండ్ ఉందేమో, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకున్నారేమో కనుక్కుని నాకు రాయండి.